నిలబెట్టి గీయని కాలు

ఆదోనిలో నేను పనిచేసిన బూట్ల అంగడి గురించి ఎవరడిగినా ఇన్నేళ్లూ ఒకటే కథ చెబుతూ వచ్చాను. ఆ అంగడిలో చాలా మంచి పనివాడు ఒకడుండేవాడు, తోలు మిగుల్చుకోవాలన్న ఆశతో ఒక బడిపంతులుకు బూట్లు ఇరుకుగా కుట్టాడు, పంతులు కాలు చెడిపోయింది, సావుకారు ఆ పనివాణ్ణి వెళ్లగొట్టాడు. ఇందులో ఆయన మంచి పనివాడన్నది నిజం. పంతులు కాలు చెడిపోయిందన్నదీ, పనివాణ్ణి వెళ్లగొట్టారన్నదీ నిజమే. తోలు సంగతి మాత్రం అబద్ధం. దాన్ని పుట్టించింది నేను. నేనిచ్చిన కొలత ప్రకారమే ఆయన కుట్టాడు. ఆ కొలత తప్పని ఇచ్చిన రోజే నాకు తెలుసు. నలుగురిలో అడిగినప్పుడు ఆ మాట చెప్పలేదు.

ఎవరి పేర్లూ రాయను. బూట్ల అంగళ్లలో పనికి చేరి, ముక్కాలిపీట ముందు కూర్చుని పరాయివాళ్ల కాళ్లు చేతిలోకి తీసుకునే మీకు పేర్లతో పని లేదు. జరిగింది తెలిస్తే చాలు.

రెండో ప్రపంచ యుద్ధానికి నాలుగైదేళ్ల ముందు మాట. మా సావుకారుది గుడ్డల అంగడి. దూది వ్యాపారం బాగా నడుస్తున్న రోజులు. బ్రోకర్లు, జిన్నింగు మిల్లుల గుమాస్తాలు, వకీళ్ల దగ్గర రాసేవాళ్లు కోటు కుట్టించుకుని, దాని కిందికి బూట్లు వెతుక్కునేవాళ్లు. అది చూసి సావుకారు పక్క గదిలో బూట్ల వ్యాపారం పెట్టాడు. ఆయన చుట్టాలు తోలు వాసనకు ముఖాలు చిట్లించారు. అందుకని ఆ గదికి వేరే వాకిలి తీయించాడు. సావుకారు తన బూట్లను తాను ఎన్నడూ ముట్టుకోలేదు. ముట్టుకోవడానికి నన్ను పెట్టుకున్నాడు.

మాది వ్యాపారస్తుల కులం కాదు, తోలు పని చేసే కులమూ కాదు. ఇంట్లో గడవక చేరాను. సాయంత్రం ఇంటికి పోతే మా అక్క వాకిట్లోనే ఆపి, దూరం నుంచి నెత్తిన నీళ్లు పోసి లోపలికి రానిచ్చేది. మా వాళ్లలో నా పేరు పోయి "కాళ్లు పట్టేవాడు" అన్న పేరు వచ్చింది. పెళ్లిళ్లలో పంక్తిలో నా పక్క కూర్చున్నవాడు నవ్వుతూ కొంచెం జరిగేవాడు. ఇదంతా సాకుగా చెప్పడం లేదు. అప్పుడు నేనెలాంటి మనిషినో తెలియాలని చెబుతున్నాను.

మద్రాసు నుంచీ ఉత్తరాది నుంచీ వచ్చే బూట్లు చూడడానికి బాగుండేవి. కాని అవి చిన్నప్పటినుంచీ బూట్లలో పెరిగిన కాళ్లకు చేసినవి. మా వైపు మగవాళ్లు ఇరవై ఏళ్లు వచ్చేదాకా నల్లరేగడిలో వట్టి కాళ్లతో తిరిగినవాళ్లు. వేళ్లు విచ్చుకుని, పాదం ముందు భాగం చేటలాగా ఉండేది. ఆ కాలు సన్న బూటులో పట్టదు. పట్టకపోతే రెండు సైజులు పెద్దది ఇచ్చేవాణ్ణి. అది వెడల్పుకు సరిపోయేది గాని ముందర వేలెడు ఖాళీ మిగిలేది. ఆ ఖాళీలో దూది కుక్కేవాణ్ణి. ఆదోనిలో దూదికేం కరువు? అలాంటి బూటు కాలు వంగే చోట వంగదు, ఇంకోచోట వంగుతుంది. నెల తిరక్కుండా పగిలేది.

ఈ బాధ పడలేక సావుకారు ఎమ్మిగనూరు నుంచి ఒక పనివాణ్ణి పిలిపించాడు. అక్కడి మాదిగవాడలో పుట్టి, బళ్లారి దండులో తెల్ల సిపాయిల బూట్లు బాగుచేస్తూ పని నేర్చినవాడు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. పెరట్లో రేకుల కొట్టంలో కూర్చునేవాడు. ముందు గదిలోకి రావడానికి ఆయనకు అనుమతి లేదు. అంటే ఎవరికి బూట్లు కుడుతున్నాడో ఆ కాళ్లను ఎన్నడూ చూడడు. నేను కాగితం మీద గీసి తెచ్చిన గీత చూసి కుట్టాలి. కుట్టిన తర్వాత ఆ కాగితాలను పారేయకుండా ఒక ఇనుప తీగకు గుచ్చి దాచేవాడు.

గీయడం ఆయనే నేర్పాడు. కాగితం నేలమీద పరచాలి. మనిషిని రెండు కాళ్లమీదా సమానంగా నిలబెట్టాలి. పెన్సిలు నిటారుగా పట్టుకుని గీయాలి. తర్వాత టేపు తీసుకుని వేళ్ల మొదట్లో, మీగాలు దగ్గర, మడమ చుట్టూ కొలవాలి.

"కూసున్న కాలు అబద్ధం సెప్తాదప్పా," అనేవాడు. "మనిసి బరువు పడితేనే అది నిజం కక్కుతాది."

"రెండు సైజులు పెద్దవి ఇస్తే సాలదారా?" అని ఒకసారి అడిగాను.

"లావు మనిసి వాకిట్లో పట్టల్యాదని ఇంటిని పొడుగ్గా కట్టినట్లుంటాది," అని నవ్వాడు.

నేను ఆయన్ను "రా" అనేవాణ్ణి. ఆయన నన్ను "అప్పా" అనేవాడు. అందులో వింత ఉందని అప్పట్లో నాకు తోచలేదు.

ఏడాది తిరిగేసరికి వెడల్పు కాళ్లవాళ్లు గుంతకల్లు నుంచి కూడా వచ్చేవాళ్లు. ఒక బ్రోకరు బూట్లు తొడుక్కుని గదిలో నాలుగడుగులు వేసి, బెంచీ మీద కూర్చుండిపోయాడు. నలభై ఏళ్లు వచ్చాక మొదటిసారి తన కాలికి నొప్పి లేదన్నాడు. ఆ మెప్పు నేను తీసుకున్నాను. పెరట్లోకి చేరవేయలేదు.

ఒకరోజు దేవనకొండ వైపు పల్లెలో పనిచేసే బడిపంతులు ఒకాయన వచ్చాడు. కూలి చేసుకునే కుటుంబంలో పుట్టి, క్రైస్తవుల బడిలో చదివి, ట్రైనింగు పూర్తిచేసి, సొంత ఊళ్లోనే పంతులైనవాడు. తెల్ల పంచె, తెల్ల చొక్కా. అంత వెడల్పు కాళ్లు నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

"లేసుల బూట్లు కావాలన్నా," అన్నాడు. "సెప్పులు వద్దు. లేసులుండాల."

ఎందుకని అడిగాను.

"మా ఊళ్లో పెద్దవీధిలో మా వాళ్లు సెప్పులు ఇడిసి సేతిలో పట్టుకుని పోవాల. నేను పంతులైనా అంతే. బూట్లయితే ఇప్పమనరు."

"యాల అనరు?"

ఆయన నవ్వాడు. "లేసులు ఇప్పాలంటే కూసోవాల గదన్నా. ఆ వీధిలో కూసునేదానికి వాళ్ల అరుగులే ఉండాయి. నన్ను అరుగు మీద కూసోబెడతారా? అందుకే ఇప్పమనరు. బాగా ఆలోచించే వచ్చినా."

నెల రోజుల్లో బళ్ల ఇన్‌స్పెక్టరు వస్తాడనీ, చావడి నుంచి బడిదాకా పెద్దవీధిలో ఆయన పక్కన తాను నడవాలనీ, ఆ రోజుకు బూట్లు కావాలనీ చెప్పాడు.

ఆ సమయంలో గదిలో దూది బ్రోకర్లిద్దరు కూర్చుని తాంబూలం నములుతున్నారు. అందులో ఒకడు మా చుట్టాలకు తెలిసినవాడు. పంతులు బెంచీ మీద కూర్చోగానే లేచి అవతల గోడ దగ్గర నిలబడ్డాడు.

"ఏమప్పా," అన్నాడు నాతో, "సెట్ల కాళ్లు, వకీళ్ల కాళ్లు అయిపోయినాయి. ఇంగ ఈయన కాళ్లు గూడ పడతావా?"

రెండోవాడు పగలబడి నవ్వాడు. "పట్టనీలేప్పా. వాళ్లక్క ఈపొద్దు రెండు బిందెలు ఎక్కువ పోస్తాది."

టేపు చేతిలోనే ఉంది. దాన్ని జేబులో పెట్టుకున్నాను. కాగితం, పెన్సిలు పీట మీద పడేసి, "నువ్వే గీసుకో," అన్నాను.

పంతులుకు బ్రోకర్ల మాటలు వినిపించాయి. వినిపించనట్టు కాగితం తీసుకున్నాడు. "నిలబడాల్నా అన్నా?" అని అడిగాడు.

"వద్దు. కూసోని గీసుకుంటే సాలు."

ఆయన కాలు పీట మీద పెట్టుకుని, వంగి, తన కాలు చుట్టూ తానే గీసుకున్నాడు. మడమ వెనక చెయ్యి సరిగా అందలేదు. టేపుతో తీయవలసిన మూడు కొలతలు నేను కంటితో చూసి, తోచినట్టు రాశాను.

పెరట్లో పనివాడు ఆ కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశాడు.

"ఏందప్పా ఈ గీత? నిలబెట్టే గీసినావా?"

"నిలబెట్టే గీసినా."

"మడమ కాడ వణికింది?"

"పెన్సిలు మొద్దుబారింది. కుట్టురా నువ్వు."

ఆయన కాగితాన్ని పక్కన పెట్టుకుని తోలు అందుకున్నాడు.

బూట్లు తయారయ్యాయి. నల్లటి తోలు, సన్నటి కుట్టు, ముందు భాగం గుండ్రంగా. అంతకంటే అందమైన బూట్లు ఆ గదిలోంచి పోలేదు. పంతులు వచ్చి తొడుక్కుని నిలబడ్డాడు. ఆయన దవడ బిగుసుకోవడం చూశాను.

"టైటుగా ఉండాయన్నా."

"కొత్త తోలు అట్లే ఉంటాది. నాలుగు దినాలు నడిస్తే నీ మాట ఇంటాది."

ఈ మాట మీకూ నేర్పుతారు. బూట్లమ్మేవాళ్లు అందరూ అనే మాటే. మంచి తోలు గోరంత సాగుతుంది, అది నిజమే. వేలెడు సాగదు. పనివాడు పది అడుగుల దూరంలో కొట్టంలో ఉన్నాడు. పంతులును పెరటి వైపు నడిపించి ఉంటే ఒక్క చూపులో తెలిసిపోయేది. తెలిసిపోతుందనే నడిపించలేదు.

ఆ తర్వాత జరిగింది పంతులు వాళ్ల అన్న అంగడికి వచ్చినప్పుడు చెప్పగా విన్నాను. నాలుగు రోజులు నడిచి చూడడానికి ఆయనకు వీలు కాలేదు. ఊళ్లో ముందుగానే తొడిగితే గొడవ చేస్తారని, ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజే తొడిగాడు. పెద్దవీధిలో ఇన్‌స్పెక్టరు పక్కన నడిచాడు. అరుగుల మీద మనుషులు చూస్తూ కూర్చున్నారు. ఎవరూ విప్పమనలేదు. ఆయన ఆలోచన అక్షరాలా పారింది. ఇన్‌స్పెక్టరు మధ్యాహ్నం దాకా బడిలో ఉన్నాడు. అంతసేపూ పంతులు నిలబడే ఉన్నాడు. మళ్లీ చావడి దాకా అదే వీధిలో నడిచాడు. లోపల రక్తం కారుతూనే ఉంది. మధ్యలో విప్పితే ఇంక ఎన్నటికీ తొడగనివ్వరని ఆయనకు తెలుసు. ఇంటికి చేరాక విప్పుదామంటే ఎడమ బూటు ఊడిరాలేదు. కత్తితో కోసి తీశారు.

పుండుకు ఆకు పసరు కట్టారు. అది చీము పట్టింది. జ్వరం వచ్చింది. పది రోజుల తర్వాత ఎద్దుల బండిలో ఆదోని ఆసుపత్రికి తెచ్చారు. పాదంలో ముందు సగం తీసేశారు.

మర్నాడు ఆ అన్న కోసిన బూట్లు పట్టుకుని అంగడికి వచ్చాడు. లోపలికి రాలేదు. మెట్టు మీద బూట్లు పెట్టి వీధిలోనే నిలబడ్డాడు. కేకలు వేయలేదు.

"మా తమ్ముని కాలు సగం కోసేసినారు సావుకారూ. ఇవి ఎవురు కుట్టినారో సూసి పోదామని వచ్చినా."

సావుకారు ముఖం తెల్లబోయింది. గుడ్డలు బేరం చేస్తున్నవాళ్లు లేచి వచ్చారు. దారిన పోయేవాళ్లు ఆగారు. పెరట్లోంచి పనివాణ్ణి పిలిపించారు. ఆయన పక్క సందులోంచి చుట్టు తిరిగి వచ్చి వీధిలో నిలబడ్డాడు. అంగడి ముందు భాగాన్ని ఆయన చూడడం అదే మొదటిసారి అనుకుంటాను.

"తోలెంత మిగిల్చుకున్యావురా?" అన్నాడు సావుకారు.

"తోలు మిగిల్చుకోల్యా సామీ. గీత ఎట్లుంటే అట్ల కుట్టినా. అనుమానమొచ్చి రెండు పక్కలా గోరంత ఎక్కువే ఇడిసినా." తీగ నుంచి తీసి తెచ్చిన కాగితాన్ని మెట్టు మీద పరిచాడు. "సూడండి సామీ. మడమ కాడ ఈ వంకర. ఎవురి మడమ సుట్టూ వాళ్లు సరిగ్గ గీసుకోలేరు. ఇది కూసోని, వంగి, ఆయప్ప తనే గీసుకున్న గీత."

"గీత మాట్లాడతాదా నీకు?" అన్నాడు గుంపులో ఒకడు. అందరూ నవ్వారు.

సావుకారు నా వైపు తిరిగాడు. "గీసింది నువ్వే గదా?"

ఆ ఘడియ గురించి ఎన్నోసార్లు ఆలోచించాను. కాదంటే నా పని పోయేది. ఇంకో పని దొరికేది. వయసు పాతికే. భయం పని గురించి కాదు. ఎందుకు గీయలేదని అడుగుతారు. ఆయన కాళ్లు ముట్టుకోవడం నాకు నామోషీ అయిందని, ఆ కోసిన బూట్ల పక్కన నిలబడి, ఆ అన్న ముఖం చూస్తూ చెప్పాలి.

"నేనే. నిలబెట్టే గీసినా," అన్నాను. ఎవరూ అడగకుండానే ఇంకో మాట కలిపాను. "తోలు కోసుకునేది ఆయన. ఎంత కోసినాడో నాకేం తెలుసు?"

ఆ రెండో మాటే ఆయన్ను చంపింది.

పనివాడు నా వైపు చూశాడు. ఆ చూపులో ఆశ్చర్యం లేదు. పంతులు వాళ్ల అన్న పనివాడి దగ్గరికి నడిచి, "వాళ్లకు మా కాళ్లంటే లోకువ, అది తెలిసిందే. నీక్కూడా లోకువేనా అప్పా?" అన్నాడు. పనివాడు కాగితం మడిచి నడుముకు దోపుకున్నాడు. తోలు కుట్టే ఆరె, కత్తి తెచ్చుకోవడానికి కూడా ఆయన్ను పెరట్లోకి పోనివ్వలేదు. వాటిని ఎవరో వీధిలోకి విసిరారు. ఆయన వంగి ఏరుకున్నాడు.

పంతులును ఎవరూ ఏమీ అడగలేదు. జ్వరంలో ఉన్నాడు. తానే గీసుకున్నానని ఆయనకు తెలుసు. కాని కూర్చుని గీసుకోవడమే తప్పని ఆయనకు తెలియదు. అది తెలిసినవాళ్లం ఆదోనిలో ఇద్దరమే.

"తోలుదొంగ" అన్న మాట పనివాడికంటే ముందే ఎమ్మిగనూరు చేరింది. మంచి తోలు ఆయన చేతికి ఇచ్చేవాళ్లు లేకపోయారు. నేను అంగడిలోనే ఉన్నాను. వెడల్పు కాళ్లవాళ్లు వస్తే మళ్లీ దూది కుక్కి పంపాను. ఎవరైనా పాత పనివాడి మాట ఎత్తితే కథ చెప్పేవాణ్ణి. చెప్పిన కొద్దీ నున్నగా అయింది. యుద్ధం వచ్చి తోలంతా సిపాయిల బూట్లకు పోయింది. సావుకారు ఆ గది మూసేశాడు. నేను దూది బేళ్లు కట్టే ఒక ప్రెస్సింగు మిల్లులో గేటు దగ్గర పనికి కుదిరాను.

యుద్ధం ముగిశాక మిల్లు పనిమీద ఎమ్మిగనూరు దగ్గర ఒక రైతు తోటకు వెళ్లాను. బావి పక్క నేలమీద ఒక ముసలాయన ఎద్దులతో నీళ్లు తోడే కపిలకు వేసే తోలు బాన కుడుతున్నాడు. రైతు ఆయన ఎదురుగా గొంతుక్కూర్చుని, కళ్లు తిప్పకుండా ఆయన చేతులే చూస్తున్నాడు. బాన కుట్టడంలో అంత చూసేదేముందని అడిగాను.

"తోలుదొంగప్పా ఈడు," అన్నాడు రైతు సరదాగా. "ఆదోనిలో పేరు మోసినోడు. రెప్ప వాలిస్తే ముక్క మాయం. పొద్దున్నించి నా పనులన్నీ ఇడిసి కాపలా కూసున్యా."

ముసలాయన తలెత్తి నన్ను చూసి, "బాగుండావా అప్పా?" అన్నాడు. మళ్లీ కుట్టుకోసాగాడు. మోట బాన అది. నీళ్లు కారకపోతే చాలు. దానికి కూడా ఆయన ఆ సన్నటి కుట్టే వేస్తున్నాడు.

ఆ రోజు నోరు తెరవలేదు. మూడు వారాల తర్వాత మళ్లీ ఎమ్మిగనూరు పోయి, వాడలో ఆయన ఇంటి ముందు నిలబడి అంతా చెప్పాను. బ్రోకర్ల నవ్వు దగ్గర నుంచి చెప్పాను.

"నాకు తెల్దా?" అన్నాడు. "ఆ పొద్దే తెలుసు. కాగితం నీకంటే ముందే సెప్పింది."

"తప్పయింది. మన్నించమని వచ్చినా."

"తెలిసినోనికే మళ్ల సెప్పిపోతే ఏమొస్తాదప్పా? నువ్వు తేలిగ్గా ఇంటికి పోతావు. రేపు పొద్దున ఎవుడో ఒకడు మళ్ల నా ముందర కాపలా కూసుంటాడు. నన్ను దొంగన్నది ఈడ కాదు గదా. ఆడ సెప్పు. నేనూ వస్తా."

పంతులుకు ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. ఇవ్వాలని అడిగే హక్కు నాకు లేదు. ఆ తర్వాత సంత రోజున మేమిద్దరం బస్సులో ఆదోనికి వచ్చాం. సావుకారుది ఇంకా గుడ్డల అంగడిగానే ఉంది. సావుకారు ముసలివాడై, కొడుకు బేరాలు చూస్తుంటే వాకిటి పక్క పరుపు మీద కూర్చున్నాడు. లోపలికి రమ్మని నన్ను పిలిచారు. నేను మెట్టెక్కకుండా వీధిలో పనివాడి పక్కనే నిలబడి మొదలుపెట్టాను.

సావుకారు చెయ్యి ఊపాడు. "ఎప్పటి ముచ్చటప్పా అది? పంతులు కాలు మొలిచొస్తాదా ఇప్పుడు? ఊరుకో. లోపలికి రా, కాఫీ తాగుదువు."

కొనేవాళ్లు, అమ్మేవాళ్లు తిరిగి చూశారు. పక్క అంగళ్లవాళ్లు మెట్ల మీదికి వచ్చారు. అందులో మా చుట్టాలకు తెలిసినవాళ్లు ఉన్నారు. నా గొంతు గొణుగుడులాగా వచ్చింది.

"గట్టిగ సెప్పప్పా," అన్నాడు పనివాడు, నా వైపు చూడకుండా. "అవతల పక్కనోళ్లకు ఇనపడల్యా."

నేను గట్టిగా చెప్పాను.

"ఈయన తోలు దొంగిలించల్యా. ఆ పంతులు కాళ్లు ముట్టుకునేదానికి నాకు సిగ్గయి, కూసోని నువ్వే గీసుకోమన్నా. కొలతలు తోచినట్ల రాసినా. నిలబెట్టి గీసినానని ఈయనకు అబద్ధం సెప్పినా. ఈడే, మీ అందరి ముందరా మళ్ల అదే అబద్ధం సెప్పి, దొంగతనం ఈయన మీదికి తోసినా. పంతులు కాలు పోయింది నా వల్ల. ఈయన బతుకు పోయింది నా వల్ల." పనివాడి వైపు తిరిగాను. "తప్పు నాది, అన్నా. నన్ను మన్నించు."